పసిపిల్లలు నికోటిన్ మింగినప్పుడు: ఏ రూపంలో, ఎంత, ఎంతసేపటి క్రితం

మీరు అడిగిన విషయం ఇది: పదిహేను నెలల మీ పాప యాష్‌ట్రేలోంచి ఒక సిగరెట్టు పీక తీసి నమిలింది, పావుగంట తరువాత ఒకసారి వాంతి చేసుకుంది, రెండు గంటలు గడిచేసరికి ఎప్పటిలాగే ఆడుకుంటోంది. ఆస్పత్రికి తీసుకువెళ్ళాలా, వెళ్ళాలంటే ఏ లక్షణం కనిపించినప్పుడు వెళ్ళాలి అన్నది మీ మొదటి సందేహం. సిగరెట్టు మానేందుకు మీ భర్త తెచ్చుకున్న ప్యాచ్‌లు, ఈ-సిగరెట్‌లో నింపుకునే ద్రవం కూడా ఇంట్లో ఉన్నాయి కనుక వాటిలో ఏది ఎంత ప్రమాదకరం అన్నది రెండవది. పిల్లల అత్యవసర వైద్యంలో చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా నాకు తెలిసినంతవరకు రెండింటికీ వివరంగానే సమాధానం చెబుతాను.

అయితే ఈ క్షణాన ఎవరి ఇంట్లోనైనా బిడ్డ నికోటిన్ ఉన్న వస్తువేదైనా నోట్లో పెట్టుకుని ఉంటే, వారు ఈ సమాధానమంతా చదువుతూ కూర్చోకూడదు. బిడ్డకు ఊపిరి కష్టంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా, ఒళ్ళు వాలిపోయినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. అటువంటివేవీ లేకపోతే తమ ప్రాంతంలోని విషసమాచార కేంద్రానికి గానీ, పిల్లల వైద్యునికి గానీ ఫోన్ చేసి, బిడ్డ బరువు, మింగిన వస్తువు, దాని ప్యాకెట్‌పై ఉన్న నికోటిన్ పరిమాణం, ఎంతసేపయింది అన్న నాలుగు వివరాలు చెప్పాలి. మింగినది ఈ-సిగరెట్ ద్రవం అయితే లక్షణాలు కనిపించేదాకా ఎదురుచూడకుండా, ఒక గుక్కే అనిపించినా, ఫోన్ చేస్తూనే ఆస్పత్రికి బయలుదేరడం మంచిది. ఆ తేడా ఎందుకో కింద చెబుతాను.

ముందుగా ఇంట్లో చేయవలసినది చాలా కొద్ది. నోట్లో మిగిలిన ముక్కలను తడిగుడ్డ చుట్టిన వేలితో తుడిచి తీసివేయాలి. వేలును గొంతు దాకా పోనివ్వకూడదు. బిడ్డ తెలివిగా ఉండి మింగగలుగుతూ ఉంటే ఒకటి రెండు చిన్న గుక్కల నీళ్ళు ఇవ్వవచ్చు. ద్రవం ఒంటిమీద పడి ఉంటే తడిసిన బట్టలు తీసివేసి, చర్మాన్ని ధారగా పడే నీటితో బాగా కడగాలి; కంట్లో పడితే పదిహేను నిమిషాలపాటు గోరువెచ్చని నీటితో మెల్లగా కడుగుతూ ఉండాలి. కడిగేవారు చేతి తొడుగులు వేసుకుంటే మేలు, ఎందుకంటే నికోటిన్ చర్మం గుండా కూడా శరీరంలోకి చేరుతుంది. తడిసిన పొగాకు ఆకులను కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు రావడం వ్యవసాయ వైద్యంలో చాలాకాలంగా తెలిసిన సంగతే.

చేయకూడనివాటి గురించి మరికొంత గట్టిగా చెప్పాలి. గొంతులో వేలు పెట్టి గానీ, ఉప్పునీళ్ళు తాగించి గానీ బిడ్డ చేత వాంతి చేయించకూడదు. నికోటిన్ తనంతట తానే వాంతి కలిగిస్తుంది. పైగా అది మగతనూ ఫిట్స్‌నూ తెచ్చిపెట్టగల పదార్థం కనుక, బలవంతాన తెప్పించిన వాంతి సరిగ్గా ఆ సమయానికి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు ఉంది. ఒకప్పుడు ఇళ్ళలో ఇపెకాక్ అనే వాంతి మందును సిద్ధంగా ఉంచుకోమని వైద్యులే చెప్పేవారు; అమెరికాలోని పిల్లల వైద్యుల సంస్థ 2003లో ఆ సలహాను విరమించుకుని, ఇకమీదట దాన్ని ఇంట్లో వాడవద్దని ప్రకటించింది. కడుపులో మంటకు వాడే యాంటాసిడ్ మందులు కూడా ఇవ్వవద్దు. ఆమ్లం ఉన్నచోట నికోటిన్ శరీరంలోకి ఇంకడం మందగిస్తుంది, క్షారం ఉన్నచోట వేగం పుంజుకుంటుంది. కడుపులో సహజంగా ఉన్న ఆమ్లం బిడ్డకు కొంత రక్షణగా ఉన్నప్పుడు దాన్ని మనమే తగ్గించడం తెలివైన పని కాదు.

ఇక నికోటిన్ శరీరంలో చేసే పని సంగతి. పొగాకు మొక్క తనను తినే పురుగులను చంపుకోవడానికి తయారుచేసుకునే విషమిది. అందుకే దీన్ని చాలాకాలం పంటలమీద పురుగుమందుగా వాడారు. మన నాడులు ఒకదానికొకటీ, అలాగే కండరాలకూ కబురు పంపుకునేందుకు అసిటైల్‌కోలీన్ అనే రసాయనాన్ని వాడుకుంటాయి. దాన్ని అందుకునే గ్రాహకాలలో ఒక రకానికి నికోటిన్ కూడా అతుక్కుంటుంది. కొద్దిపాటి మోతాదులో ఆ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. మోతాదు పెరిగితే మొదట విపరీతంగా ప్రేరేపించి, ఆ తరువాత అవి దేనికీ స్పందించని స్థితికి తెస్తుంది. నికోటిన్ విషప్రభావం రెండు దశల్లో కనిపించడానికి కారణం ఇదే.

మొదటి దశ సాధారణంగా పావుగంట నుంచి గంటలోపు మొదలవుతుంది. బిడ్డ ముఖం పాలిపోతుంది, చొంగ ఎక్కువగా కారుతుంది, చెమట పడుతుంది, వాంతులు అవుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, కారణం తెలియకుండా చిరాకుగా ఏడుస్తుంది. తీవ్రమైన సందర్భాల్లో ఫిట్స్ వస్తాయి. రెండవ దశ అరగంట నుంచి నాలుగు గంటలలోపు రావచ్చు. అందులో అంతా తలకిందులవుతుంది. గుండె వేగం తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది, కండరాలు పట్టు తప్పుతాయి, బిడ్డ మగతలోకి జారుకుంటుంది, చివరకు ఊపిరి తీసే కండరాలే పనిచేయడం మానవచ్చు. నికోటిన్ వల్ల ప్రాణం పోయేది ఎక్కువగా ఈ శ్వాస ఆగిపోవడం వల్లనే.

ఈ రెండు దశల సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం, తల్లిదండ్రులు దీన్ని తప్పుగా అర్థం చేసుకునే ఒక ఘట్టం ఉండడమే. బాగా వాంతులు చేసుకుని, ఏడ్చి ఏడ్చి, అలసిపోయినట్టుగా బిడ్డ పడుకుంటుంది. “కడుపులో ఉన్నదంతా పోయింది, ఇక హాయిగా నిద్రపోతోంది, లేపవద్దు” అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. సిగరెట్టు పీక నమిలిన బిడ్డ విషయంలో అది చాలావరకు నిజంగానే అలసట నిద్ర కావచ్చు. కానీ ద్రవం మింగిన బిడ్డ విషయంలో, ఎంత మింగిందో తెలియని బిడ్డ విషయంలో, ఆ నిద్ర రెండవ దశ మొదలు కావచ్చు. అప్పుడు బిడ్డను లేపి చూడాలి. మామూలు నిద్రలో ఉన్న బిడ్డ కదిలిస్తే చిరాకుపడుతుంది, కాళ్ళు చేతులు ఆడిస్తుంది, తల్లిని గుర్తుపడుతుంది; మగతలో ఉన్న బిడ్డ చేయి ఎత్తి వదిలితే బరువుగా పడిపోతుంది, కళ్ళు తెరిచినా చూపు నిలవదు. ఈ రెండవది కనిపిస్తే క్షణం కూడా ఆగవద్దు.

మోతాదు విషయంలో వినబడే లెక్కలు ఒకదానికొకటి పొసగవు కనుక అవి ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి. పెద్దవాళ్ళకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల నికోటిన్ ప్రాణాంతకం అని వైద్య పుస్తకాలు దాదాపు ఒక శతాబ్దంపాటు చెబుతూ వచ్చాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్న్‌డ్ మేయర్ 2014లో ఆ అంకె మూలాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, అది 19వ శతాబ్దంలో కొందరు తమమీద తామే చేసుకున్న సందేహాస్పదమైన ప్రయోగాల నుంచి ఒక పాఠ్యపుస్తకంలోకి చేరి, అక్కడి నుంచి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయినదని చూపించారు. ఆయన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు ప్రాణాంతకమైన మోతాదు నోటి ద్వారా అయితే అర గ్రాము లేదా అంతకంటే ఎక్కువ. అంటే బరువులో ప్రతి కిలోకు సుమారు 6.5 నుంచి 13 మిల్లీగ్రాములు. దీన్ని చదివి కొందరు నికోటిన్ భయమంతా కట్టుకథే అంటున్నారు. నేను దానితో ఏకీభవించను. పెద్దల విషయంలో ఆ సవరణ సబబే కావచ్చు గానీ, పది కిలోల బిడ్డకు ఆ సవరించిన లెక్కనే వర్తింపజేసినా ప్రాణాంతక మోతాదు 65 మిల్లీగ్రాముల దగ్గరే మొదలవుతుంది. అనారోగ్య లక్షణాలు కనబడడానికైతే అంత అవసరం లేదు. కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అంటే పది కిలోల బిడ్డకు రెండు మిల్లీగ్రాములు చాలు. పిల్లల విషయంలో చాలామంది వైద్యులు ఇప్పటికీ కిలోకు ఒక మిల్లీగ్రామును దాటితే ప్రమాదకరంగానే పరిగణిస్తారు. పసిబిడ్డ విషయంలో జాగ్రత్త వైపు మొగ్గడమే సరైనదని నా అభిప్రాయం కూడా.

ఈ కొలమానం చేతబట్టుకుని మీ పాప విషయానికి వద్దాం. కాల్చని సిగరెట్టులో సుమారు 10 నుంచి 15 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. కాల్చి పారేసిన పీకలో, ఎంత పొడవు మిగిలింది అన్నదానిని బట్టి, 5 నుంచి 7 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. కాగితంమీద లెక్క వేస్తే ఒక్క పీక కూడా పది కిలోల బిడ్డకు లక్షణాలు తెప్పించడానికి సరిపోతుంది. అయినా పీక నమిలిన పిల్లల్లో ఎక్కువమందికి తీవ్రమైన కీడు జరగదు. దీనికి కారణాలు కొన్ని ఉన్నాయి. పొగాకు ఆకులో ఇరుక్కున్న నికోటిన్ కడుపులోని ఆమ్లంలో నెమ్మదిగా విడుదలవుతుంది, నెమ్మదిగానే ఇంకుతుంది. చేదుకు బిడ్డ చాలా భాగం ఉమ్మేస్తుంది. మింగినదాంట్లో కొంత వాంతిలో పోతుంది. పేగుల నుంచి రక్తంలోకి చేరిన నికోటిన్ మొదట కాలేయం గుండానే వెళ్ళాలి, అక్కడ దానిలో ఎక్కువ భాగం కోటినిన్ అనే అంత హాని లేని పదార్థంగా మారిపోతుంది. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 1994 జనవరి నుంచి 1996 జూలై వరకు సిగరెట్లు, పీకలు మింగిన పిల్లల వివరాలను సేకరించినప్పుడు, వారిలో అధికులు 6 నుంచి 24 నెలల వయసువారేనని, సుమారు మూడోవంతు మందికి వాంతులు, నీరసం, ముఖం పాలిపోవడం వంటి లక్షణాలు కనిపించాయని తేలింది. ఆ వయసు కాకతాళీయం కాదు. పాకుతూ, తప్పటడుగులు వేస్తూ, చేతికి అందిన ప్రతిదాన్నీ నోటితో పరీక్షించే వయసు అదే.

విషసమాచార కేంద్రాలు చాలాచోట్ల అనుసరించే పద్ధతి ప్రకారం, బిడ్డ ఒక సిగరెట్టు పూర్తిగా గానీ, మూడు పీకలు గానీ తిని ఉంటే లక్షణాలు లేకపోయినా ఆస్పత్రిలో చూపించాలి. అంతకంటే తక్కువ తిని, లక్షణాలేవీ లేకపోతే, కనీసం నాలుగు గంటలపాటు ఇంట్లోనే దగ్గరుండి గమనించవచ్చు. మీ పాప ఒక పీకను నమిలింది, ఒక్కసారే వాంతి చేసుకుంది, రెండు గంటల తరువాత చురుకుగా ఆడుతోంది. ఇవన్నీ ధైర్యాన్నిచ్చే విషయాలే. అయినా వాంతి అన్నది ఒక లక్షణమే కనుక విషసమాచార కేంద్రానికి ఒకసారి ఫోన్ చేసి చెప్పండి, నాలుగు గంటలు నిండేవరకు ఒంటరిగా పడుకోబెట్టవద్దు. మళ్ళీ వాంతి అయినా, ముఖం పాలిపోయినా, చొంగ విపరీతంగా కారినా, నడకలో తూలినా, మగతగా అనిపించినా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. యాష్‌ట్రేలో ఎన్ని పీకలుండాలో ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోవడం కూడా మరచిపోవద్దు. మీరు చూసినది ఒక పీకే కావచ్చు, పాప నోట్లోకి వెళ్ళినది ఒకటేనని దాంతో రుజువు కాదు.

మీ ఇంట్లో ఉన్నవాటిలో నన్ను నిజంగా కలవరపెట్టేది ఆ ద్రవం సీసా. సిగరెట్టు విషయంలో బిడ్డను కాపాడిన కారణాల్లో దాదాపు ఏదీ ఇక్కడ వర్తించదు. నికోటిన్ అప్పటికే కరిగి సిద్ధంగా ఉంటుంది, ఆకు నుంచి విడుదల కావలసిన పని లేదు. పండ్ల రుచి, మిఠాయి వాసన కలిపి ఉంటాయి కనుక చేదుకు ఉమ్మేసే అవకాశం తగ్గుతుంది. ఒక్క గుక్కలో నాలుగైదు మిల్లీలీటర్లు లోపలికి వెళ్ళిపోతాయి. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం ఐదు మిల్లీలీటర్లు మింగితే వంద మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు అది కిలోకు పది మిల్లీగ్రాములు. మనం ఇందాక సవరించిన లెక్కలో చూసిన ప్రాణాంతక పరిధిలోనే అది ఉంది. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన పొగాకు ఉత్పత్తుల ఆదేశంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని, నింపుకునే సీసా 10 మిల్లీలీటర్లను మించకూడదని పరిమితి విధించింది. ఆ పరిమితికి లోబడిన నిండు సీసాలో కూడా 200 మిల్లీగ్రాములు ఉంటాయని గుర్తుంచుకోవాలి. అటువంటి పరిమితులు లేనిచోట్ల మిల్లీలీటరుకు 50, 60 మిల్లీగ్రాములున్నవీ, ఇంట్లో కలుపుకునేందుకు అమ్మే వంద మిల్లీగ్రాముల గాఢ ద్రావణాలూ దొరుకుతాయి. ఈ గాఢ ద్రావణం ఒక్క మిల్లీలీటరు, అంటే సుమారు ఇరవై చుక్కలు, ఏడాది బిడ్డకు ప్రాణాపాయం తేగలదు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది వయసున్న బిడ్డ ద్రవ నికోటిన్ మింగి మరణించింది. అమెరికాలో 2012 జనవరి నుంచి 2015 ఏప్రిల్ వరకు ఆరేళ్ళలోపు పిల్లలు నికోటిన్, పొగాకు ఉత్పత్తుల బారిన పడిన సందర్భాల్లో విషసమాచార కేంద్రాలకు 29,141 ఫోన్లు వచ్చాయి. సంఖ్యలో అధికభాగం సిగరెట్లదే, కానీ సిగరెట్లతో పోలిస్తే ఈ-సిగరెట్ ఉత్పత్తుల బారిన పడిన పిల్లలు ఆస్పత్రిలో చేరవలసి వచ్చే అవకాశం ఐదు రెట్లకు పైగా, తీవ్రమైన ఫలితం కలిగే అవకాశం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువని ఆ వివరాలను పరిశీలించినవారు తేల్చారు. తరచుగా జరిగే ప్రమాదానికీ, ప్రాణం తీసే ప్రమాదానికీ ఉన్న ఈ తేడా తెలియకనే చాలా ఇళ్ళలో యాష్‌ట్రేను అటకమీద పెట్టి, ద్రవం సీసాను బల్లమీద వదిలేస్తారు.

న్యూయార్క్ ఘటన తరువాత, 2016 జనవరిలో, ద్రవ నికోటిన్ సీసాలకు పిల్లలు తెరవలేని మూతలు ఉండితీరాలని అమెరికాలో చట్టం వచ్చింది. ఆ మూతలు మంచివే, వాటివల్ల మేలు జరిగింది కూడా. అయితే అవి ఎంతవరకు కాపాడతాయన్నది వాటి పరీక్ష విధానం చూస్తే తెలుస్తుంది. 42 నుంచి 51 నెలల వయసున్న పిల్లలకు సీసా ఇచ్చి తెరవమంటారు. ఐదు నిమిషాలు గడిచాక, ఎలా తెరవాలో మాటల్లో చెప్పకుండా ఒకసారి తెరిచి చూపి, ఇంకో ఐదు నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాలూ ముగిసేసరికి కనీసం 80 శాతం మంది తెరవలేకపోతే మూత పరీక్ష నెగ్గినట్టే. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు తెరిచినా అది ఆమోదం పొందవచ్చు. పైగా పరీక్షలో మూతను సరిగ్గా బిగించి ఇస్తారు. ఇంట్లో తొందరలో సగం తిప్పి వదిలిన మూతకు ఆ రక్షణలో ఏమీ మిగలదు. కనుక ఆ మూత కొంచెం వ్యవధి ఇచ్చే సాధనమే తప్ప తాళానికి ప్రత్యామ్నాయం కాదు.

అసలు ప్రమాదాలు జరిగేది సీసా అరలో ఉన్నప్పటికంటే చేతిలో ఉన్నప్పుడు. 2018లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఒక పసిబిడ్డ మరణించిన సందర్భంలో, గాఢ నికోటిన్ ద్రావణాన్ని కలుపుతున్న సమయంలోనే తెరిచిన సీసా బిడ్డ నోటికి చేరింది. నింపుకునేటప్పుడు ఫోన్ మోగుతుంది, తలుపు తడతారు, పొయ్యిమీద ఏదో పొంగుతుంది. మూత పక్కన, సీసా బల్ల అంచున ఉంటుంది. అందువల్ల నేను తల్లిదండ్రులకు ఇచ్చే సలహాల్లో మొదటిది, నింపే పనీ కలిపే పనీ బిడ్డ మెలకువగా ఉన్న గదిలో ఎప్పుడూ చేయకండి అన్నదే. మధ్యలో లేవవలసి వస్తే ముందు మూత బిగించి సీసాను జేబులో వేసుకుని లేవండి. పని పూర్తికాగానే బల్లనూ చేతులనూ కడగండి. వేరే సీసాల్లోకి, ముఖ్యంగా మందుల సీసాల్లోకి, తాగే పానీయాల సీసాల్లోకి ఆ ద్రవాన్ని మార్చకండి. కంటి చుక్కల సీసాను పోలిన ఈ సీసాలను చూసి పెద్దవాళ్ళే పొరపాటున కంట్లో వేసుకున్న సందర్భాలున్నాయి. ద్రవాన్ని పూర్తిగా మానలేకపోతే, నికోటిన్ లేనిదానికి మారడమో, గాఢత తక్కువ ఉన్నది వాడడమో కూడా ఆలోచించదగినదే. ఈ-సిగరెట్ పరికరాన్ని కూడా సీసాతో సమానంగా చూడాలి. దాని తొట్టిలో ద్రవం ఉంటుంది, కొన్నింటి మూతిని పిల్లలు పళ్ళతో ఊడదీయగలరు, పీలిస్తే ఆవిరి వచ్చే రకాలకు మీట నొక్కవలసిన పని కూడా లేదు.

ప్యాచ్‌ల సంగతి తక్కువమందికి తెలుసు. ప్యాకెట్‌పై 7, 14, 21 మిల్లీగ్రాములు అని ఉండే అంకె ఒక రోజులో చర్మం ద్వారా లోపలికి వెళ్ళే పరిమాణం మాత్రమే. ప్యాచ్‌లో నింపిన నికోటిన్ అంతకంటే చాలా ఎక్కువ. అందుకే ఒక రోజు వాడి తీసివేసిన ప్యాచ్‌లో కూడా పసిబిడ్డకు హాని చేయగలంత మిగిలి ఉంటుంది. బిడ్డ దాన్ని చెత్తబుట్టలోంచి తీసి బొమ్మ స్టిక్కరులా ఒంటికి అతికించుకోవచ్చు, లేదా నమలవచ్చు. పక్కమీద నిద్రలో ఊడిన ప్యాచ్ తండ్రి ఒంటినుంచి బిడ్డ ఒంటికి అంటుకోవడమూ సాధ్యమే. ఒంటికి అంటుకుని కనిపిస్తే తీసివేసి, ఆ చోటును నీటితో మాత్రమే కడిగి ఆరబెట్టాలి. సబ్బు నికోటిన్ ఇంకడాన్ని పెంచవచ్చు కనుక వాడవద్దని ప్యాచ్‌ల సూచనల్లో ఉంటుంది. తీసివేసిన తరువాత కూడా చర్మంలో నిలవ ఉన్న నికోటిన్ కొన్ని గంటలపాటు రక్తంలోకి చేరుతూనే ఉంటుంది, కనుక గమనించే వ్యవధి కూడా పెంచుకోవాలి. ప్యాచ్‌ను నమిలినా మింగినా ఇంట్లో గమనిస్తూ కూర్చోవద్దు, ఆస్పత్రికి వెళ్ళండి. మీ భర్త రోజూ ప్యాచ్ మార్చుకునేటప్పుడు పాతదాన్ని జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, కొత్తదాని కవరులోనే పెట్టి, మూత ఉన్న బుట్టలో వేయాలి.

నికోటిన్ గమ్‌లోనూ, చప్పరించే బిళ్ళల్లోనూ సాధారణంగా రెండు లేదా నాలుగు మిల్లీగ్రాములు ఉంటాయి. నమలకుండా మింగిన గమ్ నుంచి నికోటిన్ చాలా నెమ్మదిగా వస్తుంది. బిళ్ళ అలా కాదు, పూర్తిగా కరుగుతుంది. రెండూ చూడడానికి మిఠాయిలే. ఇటీవలి కాలంలో వీటికంటే వేగంగా పెరుగుతున్నవి పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌లు. ఒక్కోదానిలో మూడు నుంచి ఆరు మిల్లీగ్రాములుండడం మామూలు, అంతకంటే ఎన్నో రెట్లున్నవీ అమ్ముతున్నారు. నోటిలోనే త్వరగా ఇంకేందుకు వీలుగా వాటిని క్షారగుణంతో తయారుచేస్తారు కాబట్టి, సిగరెట్టు ఆకు విషయంలో కడుపులోని ఆమ్లం ఇచ్చిన రక్షణ వీటికి అంతగా ఉండదు. అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు ఈ పౌచ్‌లు మింగినట్టు నమోదైన సందర్భాల రేటు 2020 నుంచి 2023లోపు 763 శాతం పెరిగింది. వాడి ఉమ్మిన పౌచ్‌లోనూ నికోటిన్ మిగిలే ఉంటుంది.

ఎవరూ ఊహించని ఇంకో రూపం ఉంది. నీళ్ళు గానీ, మిగిలిన పానీయం గానీ ఉన్న సీసాలో పీకలు వేసి ఆర్పడం, నమిలిన పొగాకును ఖాళీ సీసాలో ఉమ్మడం చాలామందికి అలవాటు. పీకల్లోని నికోటిన్ ఆ నీటిలోకి దిగుతుంది, ఉమ్మిలో ఎలాగూ ఉంటుంది. ఆ సీసాను పసిబిడ్డ ఎత్తి తాగితే అది పీక నమలడం లాంటి చిన్న ప్రమాదం కాదు, ఎన్నో పీకల సారాన్ని ఒకేసారి మింగడం. ఇంట్లో పొగాకు వాడేవారున్న ప్రతి కుటుంబాన్నీ ఈ ఒక్క అలవాటు మాత్రం ఈ రోజే మానుకోమని కోరతాను.

ఆస్పత్రిలో జరిగేదాని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. నికోటిన్‌కు ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. మింగి గంటలోపే వచ్చి, బిడ్డ తెలివిగా ఉంటే కొన్ని సందర్భాల్లో యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే కడుపులోని విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, ఇస్తారు. ఫిట్స్‌కు బెంజోడయాజిపైన్ మందులు, గుండె వేగం పడిపోతే అట్రోపిన్, రక్తపోటు తగ్గితే సెలైన్, ఊపిరి బలహీనపడితే కృత్రిమ శ్వాస. శరీరం తనంతట తాను నికోటిన్‌ను వదిలించుకునేవరకు బిడ్డను నిలబెట్టడమే వైద్యం. రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది కనుక, సమయానికి శ్వాసకు ఆధారం దొరికిన బిడ్డ కోలుకునే అవకాశం చాలా బాగుంటుంది. మూత్రంలో కోటినిన్ పరీక్ష నికోటిన్ సంగతిని ధ్రువపరుస్తుంది గానీ, దాని ఫలితం కోసం చికిత్స ఆగదు. ఎక్కువ చొంగ, చెమట, వాంతులు, కండరాల అదురు పురుగుమందుల విషప్రభావంలోనూ కనిపిస్తాయి. కాబట్టి బిడ్డ ఏమి మింగిందో వైద్యునికి స్పష్టంగా తెలియడం చికిత్సను నేరుగా ప్రభావితం చేస్తుంది.

ఇక్కడే ఒక చేదు విషయం చెప్పక తప్పదు. ఇంట్లో ఈ-సిగరెట్ వాడుతున్న సంగతి, పెద్దలకు తెలియకుండా పొగతాగుతున్న సంగతి బయటపడుతుందని సంకోచించి, “ఏం తిన్నదో తెలియదు” అని చెప్పేవారిని తరచుగా చూస్తుంటాము. ఆ సమాధానంతో మేము అవసరం లేని పరీక్షల వెంట పరుగెత్తవలసి వస్తుంది, విలువైన సమయం గడిచిపోతుంది. తప్పెవరిదో తేల్చడం వైద్యుని పని కాదు. వస్తువు పేరు, గాఢత, సీసాలో ముందెంత ఉంది, ఇప్పుడెంత మిగిలింది, ఎన్ని గంటలకు జరిగింది అన్నవి చెబితే చాలు. సీసాను, ప్యాకెట్‌ను, మిగిలిన ముక్కలను ఒక కవరులో వేసి వెంట తీసుకురండి. వాంతి అయి ఉంటే అందులో ఏమేమి కనిపించాయో కూడా చెప్పండి.

ఇంటి ఏర్పాట్ల విషయంలో చివరగా కొన్ని మాటలు. ఎత్తులో పెట్టడం ఒక్కటే చాలదు, ఎందుకంటే పదిహేను నెలలకు అందని అర ఇరవై నెలలకు కుర్చీ ఎక్కితే అందుతుంది. సిగరెట్లు, ద్రవం, పరికరం, ప్యాచ్‌లు, గమ్ అన్నీ ఒకే పెట్టెలో వేసి తాళం పెట్టుకోవడం ఉత్తమం. మందులకు అటువంటి పెట్టె ఇప్పటికే ఉంటే అదే సరిపోతుంది. యాష్‌ట్రేను పని అయిన వెంటనే ఖాళీ చేసి కడగాలి, ఉదయం చూద్దామని రాత్రి వదిలివేస్తే అందరికంటే ముందు నిద్రలేచేది పసిబిడ్డే. పీకలను మూత లేని చెత్తబుట్టలో వేయవద్దు. ఇంటికి వచ్చే బంధువుల చేతిసంచులు, కుర్చీకి తగిలించిన చొక్కాల జేబులు, కారులో తలుపు పక్క అరలు, ఇవన్నీ బిడ్డ ఎత్తుకు సరిగ్గా సరిపోయే చోట్లని గుర్తుంచుకుని, అతిథులను మొహమాటపడకుండా అడిగి వారి సంచులను పైన పెట్టించండి. బిడ్డను చూసుకునే తాతగార్లకు, అమ్మమ్మగార్లకు, సహాయకులకు విషసమాచార కేంద్రం ఫోన్ నంబరు ఇచ్చి, ఫోన్‌లో పేరుతో సహా భద్రపరిచి ఉంచండి. ఆరుబయట పార్కుల్లో, ఇసుక గుంటల్లో బిడ్డను దించే ముందు చుట్టూ పీకలున్నాయేమో ఒకసారి చూసుకోండి.

మీ భర్త సిగరెట్టు మానే ప్రయత్నంలో ఉన్నారని రాశారు. ఆ ప్రయత్నం ఆగకూడదు, ప్యాచ్‌ల వల్ల ఇంట్లో ప్రమాదం పెరిగిందని వాటిని మానవలసిన పని కూడా లేదు. ద్రవం, ప్యాచ్ రెండింటిలో ఏదో ఒకదానితోనే మానగలనని ఆయన అనుకుంటే మాత్రం, పాప నడక నేర్చుకుంటున్న ఈ ఏడాదికి ద్రవం సీసాను ఇంట్లోంచి పంపివేసి ప్యాచ్‌నే ఉంచుకోమని నా సలహా. మిగిలిన ద్రవాన్ని సింకులో పారబోయకుండా, మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట అప్పగించండి.